ఏడునూరు టంకముల బాకీ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై సాహిత్యమును గూర్చి మాటలాడుటకు నాకు గల అర్హత మిక్కిలి స్వల్పము. నేను లెక్కలు వ్రాయువాడను. మా తండ్రిగారు మైదానమందలి యొక గ్రామమున కరణీకము చేసిరి. 1984లో ఆ యుద్యోగములు రద్దైనవి. పేరు పోయినది కాని దస్త్రము మా యింటిని వదలలేదు. ఈ కొండలకు వచ్చి నేనును గ్రామపు లెక్కలే వ్రాయుచున్నాను. గురుముఖమున చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లయే నాకు గురుకులము. తప్పులున్నచో పెద్దలు మన్నింతురు గాక.

ఇంగ్లీషు దేశమున 17వ శతాబ్దిలో డ్రైడన్ అను కవి యుండెను. తోటి కవియైన షాడ్‌వెల్‌ను ఒక కావ్యమున నిలువునా పరిహసించెను. ఆయనయే, 1683లో ఓల్డ్‌హామ్ అను యువకవి ముప్పదియేండ్ల ప్రాయముననే మరణింపగా, చదివినవారి కన్ను చెమర్చునట్టి పద్యమును వ్రాసెను. ఆ ఓల్డ్‌హామ్ కూడ అధిక్షేప కవియే. వెక్కిరించుటయు విలపించుటయు ఒక్క కలమునకే చేతనైన సంగతి మనకు క్రొత్త గాదు. అంతకు రెండువందల యేండ్లకు పైగా ముందే మన శ్రీనాథుడున్నాడు. అయితే ఆయన యేడ్చినది గతించిన వారిని గూర్చియే గాదు, తన బాకీని గూర్చి కూడ. అందువలననే లెక్కల మనిషినైన నేను ఆయన జోలికి పోయితిని.

నేను చెప్పబోవునవి చాటువులు. అవి కావ్యములలో కట్టుబడినవి కావు; జనుల నోట నిలిచి, శ్రీనాథుని పేర మనకు దక్కినవి. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి పెద్దలు ఊరూర నేరి కూర్చి యుండనిచో ఎన్నియో నశించి యుండెడివి.

మొదట హాస్యము. శ్రీనాథుడు పలనాటికి పోయెను. వరియన్నము తిని పెరిగిన నోటికి అచ్చట జొన్నకూడు దొరికినది. త్రాగుటకు నీరు దొరకలేదు. ఆ దాహములో శివునితోనే తగవు పెట్టుకొనెను. కలిగినవాడు వేలకొలది భార్యలను చేసికొనిన చెల్లును గాని, భిక్షమెత్తువానికి ఇద్దరెందుకయ్యా, పార్వతి చాలును, గంగను వదలుమనెను. నీరడుగుటకు ఇంతకంటె సొగసైన అర్జీని నేను చూడలేదు. మరియొక పద్యమున శ్రీకృష్ణుని సవాలు చేసెను: పూతన విషమును త్రావితిని, కార్చిచ్చును మ్రింగితిని అని గర్వపడనేల? చింతచిగురు వేసి వండిన ఉడుకు బచ్చలికూరతో ఈ జొన్నకూడు ఒక్క ముద్ద మ్రింగుము, నీ సత్తువ తేలును!

మీరు నవ్వుచున్నారు. నేనును నవ్వితిని. కాని రాగియంబలి త్రాగి పోడు కొట్టు వారి నడుమ ఇన్నియేండ్లు బ్రతికిన తరువాత ఆ నవ్వు నాకు మునుపటివలె రాదు. పేదవాని కూటిని వెక్కిరించుట కడుపు నిండినవానికి సులభము. పలనాటి వీరుల కథను ద్విపదలో పాడినవాడును ఈ శ్రీనాథుడే యని పెద్దలు చెప్పుదురు గనుక, ఆ సీమకు ఆయన ఋణము కొంత తీర్చెననుకొందును.

ఆయన వైభవమును గూర్చి విస్తరింపను, మీరందరు విన్నదే. కొండవీటిలో విద్యాధికారి. విజయనగరమున ప్రౌఢదేవరాయల కొలువులో గౌడ డిండిమభట్టును ఓడించి కంచుఢక్కను పగులగొట్టించెను. రాయలచే బంగారు టంకములతో స్నానము చేయించుకొనెను. టంకమను మాటను జ్ఞాపకముంచుకొనుడు.

తరువాత రెడ్డిరాజ్యములు అంతరించెను. 15వ శతాబ్ది నడుమ రాజమహేంద్రవరము గజపతుల వశమయ్యెను. కవి ముసలివాడయ్యెను. అప్పటిదొక పద్యము కలదు. అది నాకు పద్యమువలె గాక చిట్టాపుస్తకమువలె కనబడును. ఒక ప్రక్క గతించిన ప్రభువు పేరు, ఎదుట ఆయన ఇచ్చిన వస్తువు. వీరారెడ్డి పోయెను, మేలి వస్త్రము లెవరిత్తురు? మైలారు ప్రభువు పోయెను, దినవెచ్చ మెవరు జరుపుదురు? మరియొకరు పోయిరి, కస్తూరి లేదు. విస్సన మంత్రి పోయెను, బంగారు పళ్లెములో భోజనము లేదు. పద్దు తరువాత పద్దు కొట్టివేయబడుచున్నది. నిలువ సున్న. ఇక నేనును స్వర్గమునకు పోవుచున్నానని ముగించెను. అయితే ఆ పోవుట చూచి దేవలోకపు కవి గుండె దిగ్గురుమనుచున్నదట! చచ్చుచును వెక్కిరింపు మానలేదు.

బొడ్డుపల్లె పద్యము దీనికంటె కఠినము. కృష్ణ యొడ్డున ఆ యూరిని ఏడునూరు టంకములకు గుత్తకు తీసికొనెను. పైరును కృష్ణమ్మ కొనిపోయెను. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టలు తినెను. శిస్తు కట్టలేదు. మెడలో పొగడదండ వేసిరి. పూలదండ యనుకొనకుడు; బాకీదారును వీధిలో ఎండకు నిలిపి వేయు శిక్ష యది. భుజముపై నల్లగుండు, కాళ్లకు సంకెల, చేతికి వెదురుగొడియ. ఒక్కొక్క శిక్షకు ఎదుట తన బిరుదొకటి నిలిపెను: కవిరాజు కంఠమునకు ఇది, సార్వభౌముని భుజమునకు ఇది, నైషధకర్త పాదములకు ఇది. పలనాటివారిపై విసరిన హాస్యమే యిది. ఇప్పుడు గురి మాత్రము తానే. టంకములలో స్నానమాడినవాడు టంకములు లేక ఎండలో నిలిచెను.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఈ కొండలమీదుగా పోయిన సంగతి మీకు చెప్పనేల? కాఫీతోటలలో నీడచెట్లు కూలినవి. మరుసటి యేట ఒక చోట బకాయి జాబితా సిద్ధము చేయు పని నాకు పడినది. ఒక రైతు వచ్చి నా బల్ల ముందు నిలిచెను. "పంటంతా గెడ్డ అట్టుకుపోనాది బాబూ, నానేటి కట్టగల్ను?" అనెను. రిమార్కుల గడిలో "పంట నష్టము" అని రెండు మాటలు వ్రాసితిని. గడి అంతకంటె పట్టలేదు. పేరును మాత్రము జాబితాలోనే ఉంచితిని. ఆ రాత్రి ఈ గ్రంథాలయపు పుస్తకములో బొడ్డుపల్లె పద్యము మరల కంటబడగా, శ్రీనాథుని బాకీని వ్రాసిన కరణ మెవ్వడో యని తోచి, పుస్తకము మూసివేసితిని.

ఆ రైతు కుమారుడు ఇప్పుడు మన చందాదారు. ఈ పద్యమును నేను చదివి వినిపించిన నాడు అతడొక్కటే అడిగెను: "ఆ ఏడొందలూ మాఫీ చేసినారా, బాబూ?"

పద్యము ప్రశ్నతోనే ముగిసినదని చెప్పితిని.