బిడ్డ పిలిస్తే పలకకపోతే
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేనీ పూట మనవి చేసేది ఎన్నో ఇళ్లలో గుట్టుగా ఉండే విషయం. బిడ్డకు రెండున్నరేళ్లు నిండుతాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. కావలసింది వేలితో చూపించడు. ఒక్కడే కూర్చుని బొమ్మకారు చక్రం తిప్పుకుంటూ ఉంటాడు. "వాళ్ల అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడులే" అంటుంది నాయనమ్మ. నజర్ తగిలిందని ఒకరు తావీజు కట్టిస్తారు. తల్లి పెంపకమే బాగులేదని ఇంకొకరంటారు. ఈలోగా రెండు మూడేళ్లు గడిచిపోతాయి. బిడ్డ నేర్చుకోవడానికి ఎంతో విలువైన ఏళ్లు అవి.

ఇది ఆటిజమేమోనని అనుమానం వస్తే పరీక్ష చేయించాలి. పరీక్షంటే సూదులు గుచ్చుతారని భయపడనక్కరలేదు. ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష గానీ, స్కానింగ్ గానీ లేదు. ముందుగా చెవులు చూస్తారు. వినపడని బిడ్డ కూడా పిలిస్తే పలకడు గదా! తరువాత సైకాలజిస్టు తల్లిదండ్రులను కూర్చోబెట్టి కాన్పు ఎలా జరిగింది, ఎప్పుడు నవ్వాడు, ఎప్పుడు నడిచాడు, వచ్చిన మాటలు మళ్లీ పోయాయా అని అడుగుతారు. ఆపైన బిడ్డతో ఆడుతూ గమనిస్తారు.

మన దేశంలో ఇందుకు వాడే కొలత పేరు ఐ.ఎస్.ఎ.ఎ. సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ దీన్ని తయారు చేసింది. ఇందులో 40 అంశాలున్నాయి. ఒక్కొక్కదానికి 1 నుంచి 5 వరకు మార్కులు. మొత్తం 70కి లోపైతే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా స్వల్పం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం.

ఇక్కడ మనవాళ్లకు రెండు మాటలు. మన ఇళ్లలో ఉర్దూ, బయట తెలుగు. ఆ సంగతి ముందే చెప్పండి. ఉర్దూలో అడిగితేనే పలికే బిడ్డను తెలుగులో మాత్రమే పరీక్షిస్తే ఫలితం సరిగా రాదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. రెండవది, పరువు పోతుందని, అక్కచెల్లెళ్ల సంబంధాలు చెడతాయని బిడ్డ తీరును దాచకండి. మీరు దాచింది ఆ కాగితం మీదికి రాదు. కాగితం మీద లేనిదానికి సాయమూ అందదు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యమున్నట్టు సర్టిఫికెట్ వస్తే ఆ చట్టం కింద కొన్ని సౌకర్యాలు అడిగే హక్కు మనకుంటుంది.

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. శిక్షణతో మాట, పని, నలుగురిలో మెలగడం మెరుగవుతాయి. దువా మానమని నేననను. దువా చేసిన చేతులతోనే బిడ్డ చెయ్యి పట్టుకుని పరీక్షకు తీసుకువెళ్లండి. ఆ తల్లిని మాత్రం నిందించకండి.

శెలవు. ఖుదా హాఫిజ్.