జీర్ణోద్ధరణము – వృథావ్యయము



నేటి ప్రసంగవిషయము చిన్నదే. కాని పెక్కు కుటుంబములకు నెలనెలయు నెదురగునది. పలువురు కలిసి నివసించు అపార్టుమెంట్లలో మరమ్మతు పేర జరుగు వ్యయమును వాటాదారు ప్రశ్నింపవచ్చునా? ప్రశ్నింపవలయుననియే నా మనవి.

మన పెద్దలు ఇట్టి పనిని జీర్ణోద్ధరణమనిరి. జీర్ణమైనదానిని ఉద్ధరించుట యని దాని యర్థము. కావున మొదట జీర్ణమైనదేదో చూపవలయును. గట్టిగానున్న నేలబండలను పెకలించి క్రొత్తవి పరచుటయు, చెడని రంగుపై మరల రంగు వేయుటయు అలంకారములు. అలంకారము దోషము కాదు. కాని దానికి మరమ్మతని పేరిడి, పింఛనుపై బ్రదుకు వృద్ధునివద్ద చందా వసూలు చేయుట న్యాయము కాదు.

బాపట్ల చెంతనున్న సూర్యలంకవంటి తీరమున ఈ వివేచన మరింత యవసరము. సముద్రపు గాలిలోని ఉప్పు తేమతో కలిసి కాంక్రీటులోనికి దిగి, ఇనుపకడ్డీలను త్రుప్పు పట్టించును. త్రుప్పు తాను తినిన ఇనుముకంటె రెట్టింపునకు మించిన చోటు నాక్రమించును. అందుచే కాంక్రీటు లోపలినుండియే పగులును. కనుకనే ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము, 2000 సంవత్సరపు ప్రతిలో, తీరవాతావరణమునకు గురియగు కట్టడములలో కడ్డీలపై సాధారణముగా 45 మిల్లీమీటర్ల మందమున కాంక్రీటు ఉండవలయునని విధించినది.

కడ్డీ వెంబడి సాగు పగులు, గోధుమవన్నె మరక, సుత్తితో తట్టినప్పుడు వినవచ్చు బోలుచప్పుడు – ఇవి రోగలక్షణములు. వీనిపై రంగు పూసినచో రోగము దాగునే గాని మానదు. వదులైన కాంక్రీటును తొలగించి, త్రుప్పును గీకి, క్షీణించిన కడ్డీకి తోడు మరియొకటి చేర్చి, పిమ్మట పూడ్చవలయును. ఇది వ్యయముతో గూడిన పని. ఉమ్మడి సొమ్ము అలంకారములకు చెల్లిపోయినచో దీనికి మిగులునది యేమి? 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. తుపాను గోడల రంగు చూచి జాలిపడదు గదా!

కావున పని తలపెట్టినప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. లోపమేది? గుత్తేదారు కాక, ఆ పనిలో లాభము లేని ఇంజనీరెవరైన దానిని చూచెనా? ఒక యేడు ఆగినచో కలుగు హాని యేమి? 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము ఉమ్మడి భాగములలో ప్రతి యజమానికిని అవిభక్తమగు హక్కు నొసగినది. హక్కు గలవాడు లెక్క యడుగుట తగవులమారితనము కాదు.

అయితే ప్రశ్నించువానికిని ధర్మమొకటి కలదు. అవసరము రుజువైన పిమ్మట సాకులు చెప్పరాదు. మిద్దె కారుచుండగా, "అది పై అంతస్తువారి బాధ, మాకేల?" యని క్రింది అంతస్తువారు తప్పుకొనుట తగదు. ఆ నీరు పైకప్పులోని కడ్డీలను తినుచు, నేడు కాకున్న రేపు వారి గోడకును దిగివచ్చును. అడుగవలసినది అడిగి, ఇయ్యవలసినది ఇచ్చినచో ఇల్లును నిలుచును, ఇరుగుపొరుగుల నెయ్యమును నిలుచును.