కొనేవాళ్ల పక్కన కూర్చుని చూద్దాము



సమాఖ్య వెబ్‌సైట్‌ను కొత్తగా చేయించాలని, దానికి సొసైటీలన్నీ వాటా వేసుకోవాలని మాట నడుస్తోంది. మేము కాంచీపురంలో పట్టుచీరల సొసైటీ నడిపేవాళ్లం. చదువు ఎనిమిదో క్లాసే. అయినా వెబ్‌సైట్‌లో చీరలు అమ్మి చూసినాము గనక చెప్తున్నాము. బీరువాలో చీర నిలిచిపోతే నేసినవాళ్ల కూలి నిలిచిపోతుంది. ఆశ్వయుజ, కార్తీక మాసాల వానలకు మగ్గం గుంటలో నీళ్లూరి పని ఆగే రోజుల్లో ఆ కూలి విలువ మీకు చెప్పనక్కర లేదు.

మా సైటుకు చూసేవాళ్లు వచ్చేవారు, కొనేవాళ్లు తక్కువ. ఏం చేద్దామంటే తలా ఒక మాట. ఒకరు ఫోటోలు పెద్దవి చేయమన్నారు, ఒకరు ఎర్ర రంగు తీసేయమన్నారు. కొన్నవాళ్లకు ప్రశ్నలు పంపి అభిప్రాయం అడిగితిమి. "బాగుంది" అని రాసినారు. ముఖాన బాగలేదని ఎవరంటారు? పైగా కొనకుండా పోయినవాళ్లను మనం అడగనే లేదు కదా.

ఏ పేజీకి ఎందరు వచ్చినారు, ఎక్కడ వెళ్లిపోయినారు అని కంప్యూటరే లెక్క రాస్తుంది. అది స్టాకు రిజిస్టరు లాంటిది. ఏ చీర కదలలేదో చెప్తుంది, ఎందుకు కదలలేదో చెప్పదు. చీర పేజీ నుంచే జనం వెనక్కి పోతున్నారని మాత్రం తెలిసింది.

నిపుణుడి చేత తనిఖీ చేయించవచ్చు. సొసైటీలో చీరను వెలుతురుకు పట్టి తెగిన పోగు వెతుకుతామే, అట్లాంటి పని. మంచిదే. కానీ ఆయన కొనేవాడు కాడు, ఏ బటన్ ఎక్కడుంటుందో ఆయనకు ముందే తెలుసు.

ఇంకోటి, రెండు రకాల పేజీలు పెట్టి దేనికి ఎక్కువ కొంటారో చూడడం. గూగుల్‌లో రెండు నీలాల మధ్య తేలక 41 నీలాలు పరీక్షిస్తున్నారని అక్కడ పనిచేసిన డగ్లస్ బౌమన్ అనే డిజైనర్ 2009లో రాసినాడట. మన అద్దకంవాళ్లు వింటే నవ్వుతారు. వాళ్లకు కోట్ల కళ్లున్నాయి. మనకొచ్చే నాలుగు ఆర్డర్లతో ఏది మేలో తేలేసరికి ఏళ్లు పడుతుంది.

కడపట, చీరలు కొనే ఆడవాళ్లను ఐదుగురిని ఒక్కొక్కరుగా పిలిచి, ఫోను చేతికిచ్చి, "మీ అమ్మాయి నిశ్చితార్థానికి చీర ఎంచుకోండమ్మా, మనసులో అనుకునేది పైకి చెప్పండి" అంటిమి. మేము నోరు మూసుకుని పక్కన కూర్చుంటిమి. అదే అన్నిటికన్నా కష్టం. "అక్కడ కాదమ్మా" అనే మాట నాలుక దాకా వస్తుంది.

సైటులో పెద్దక్షరాల్లో "కోర్వై" అని ఉంది. ఒంటికి, అంచులకు వేరువేరు నాడెలు ఆడించి కలిపి నేసే పని, మన గొప్పంతా అందులోనే. ఒకామె అది ఊరి పేరనుకుంది! ఇంకొకామె సిల్క్ మార్క్ ఉందా అని వెతికి వెతికి వదిలేసింది. అది అడుగున చిన్నగా ఉంది. రవిక గుడ్డ చీరలోనే ఉందా అని మరొకామె. అసలు సంగతి వేరే. ధర కనబడాలంటే ముందు ఫోను నంబరు, ఓటీపీ ఇవ్వాలని సైటు చేసిన కంపెనీవాళ్లు పెట్టినారు. ఐదుగురిలో ముగ్గురు అక్కడే ఆగిపోయినారు. "ధర చెప్పడానికి నా నంబరెందుకండీ?" అని ఒకామె ఫోను కింద పెట్టేసింది. లెక్కల్లో కనబడింది ఇదే అని అప్పుడు అర్థమైంది.

ఐదుగురు చాలా అని మీరడగవచ్చు. జాకబ్ నీల్సన్ అనే ఆయన 2000లో రాసినదాని ప్రకారం ఐదుగురితోనే సుమారు 85 శాతం లోపాలు బయటపడతాయి. ఒకేసారి ఎక్కువమందిని పిలిచేకన్నా, సరిచేసి మళ్లీ ఐదుగురిని పిలవడం మేలంటాడు. అయితే ఇక్కడ కూర్చున్నామె సొంత డబ్బు పెట్టడం లేదు. కాబట్టి సరిచేసినాక అమ్మకం పెరిగిందా లేదా అన్నది మళ్లీ లెక్కలే చెప్పాలి.

అందుకని వాటా కట్టేముందు ప్రతి సొసైటీ తన ఊళ్లో ఐదుగురిని కూర్చోబెట్టాలని మా కోరిక. షోలాపూర్‌లో కొనేవాళ్లు వేరు, బరంపురంలో వేరు. మన ఇంటి ఆడవాళ్లను మాత్రం పిలవకండి, వాళ్లకు కోర్వై అంటే తెలుసు. వచ్చినవాళ్లకు కాఫీ, ఒక తువ్వాలు ఇస్తే చాలు. ఎక్కడ ఆగినారో వాళ్ల మాటల్లోనే రాసి తెండి. ఆ కాగితాలు ముందు పెట్టుకుని కంపెనీవాళ్లతో ధర మాట్లాడదాము.