బడి పని, బడిది కాని పని

 

"మీకేం సార్, సర్కారు జీతం" అనే మాట మేము రోజూ వింటాం. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడకు కదిలినప్పుడు అది మరింత గట్టిగా వినిపించింది. కారణం మీకు చెప్పుకోవాలి. అప్పటిదాకా 27 శాతం మధ్యంతర భృతి వస్తుంటే, పదకొండో పీఆర్సీ ఫిట్‌మెంట్ 23 శాతమే ఇచ్చారు. ఒప్పందం తర్వాతా అది 23 దగ్గరే ఆగింది. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పాత పింఛనూ లేదు.

అయితే జీతం కన్నా మమ్మల్ని బాధించేది పాఠం పోవడం. హాజరు యాప్, భోజనం లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు ముగిసేసరికి మొదటి పీరియడ్ గడిచిపోయేది. జనగణన, ఎన్నికలు, విపత్తు సాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. తుపాను వస్తే మన తీరంలో బడి తలుపులు తెరిచేది మేమే. ఆ పనికి ఎన్నడూ విసుక్కోలేదు.

మా తప్పూ ఉంది. జీతం కోసం ఎత్తినంత గొంతు పిల్లల పాఠం కోసం ఎత్తలేదు. అందుకే మీరు మమ్మల్ని నమ్మలేదు.

ఇకపై తల్లిదండ్రుల కమిటీ సమావేశానికి తప్పక రండి. "ఈ నెల ఎన్ని పీరియడ్లు పోయాయి, ఎందుకు?" అని అడగండి. జవాబు మేము చెబుతాం. పైవారిని మనం కలిసి అడుగుదాం.

సెలవు. ఖుదా హాఫిజ్.