రక్తము గడ్డకట్టనీయని మందు



2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాధి ఊపిరితిత్తులను మాత్రమే పీడింపలేదు. పెక్కుమంది రోగులకు రక్తనాళముల లోపొర వాచి, అందు రక్తము గడ్డకట్టెను. ఆ గడ్డలు ఊపిరితిత్తుల నాళముల నడ్డగించినచో, ప్రాణవాయువు నందించినను రోగి తేరుకొనుట కష్టము. అందుచే వైద్యులు హెపారిన్ సూదులు వేసిరి. దీనిని రక్తమును పలుచన చేయు మందందురు; అది లోకుల వాడుక. రక్తము పలుచబడదు, గడ్డకట్టు గుణము తగ్గును, అంతే.

మందు క్రొత్తది కాదు. 1916లో అమెరికాలో జే మెక్లీన్ అను వైద్యవిద్యార్థి కుక్క కాలేయమున దీని జాడ కనుగొనెను. నేడు పంది ప్రేగులనుండి తీయుచున్నారు. హైదరాబాదున 1978లో వెలసిన గ్లాండ్ ఫార్మా దీని తయారీకి పేరొందినది.

2021 ఆగస్టులో వెలువడిన పరిశోధనల ఫలితము విచిత్రము. ఆసుపత్రిలో చేరియు ఇంకను విషమింపని వారికి పూర్తి మోతాదు మేలుచేసెను. విషమించి యంత్రముల సాయమున నున్నవారికి చేయలేదు. రక్తస్రావ భయము మాత్రము హెచ్చెను. ఇంటనే కోలుకొను స్వల్పరోగులకు ఇట్టి మాత్రలవలన లాభమే కనబడలేదని అదే సంవత్సరము తేలినది.

పొరుగువాని చీటీ చూపి తగరపువలస అంగడిలో ఈ మాత్రలు కొనదలచువారు ఒక్కటి యెరుగవలెను: కడుపులో పుండున్నవానికి ఇవియే నెత్తురు కక్కింపగలవు. ఆసుపత్రి వీడివచ్చువారు ఎన్నాళ్లు వాడవలెనో వైద్యునిచే చీటీపై వ్రాయించుకొని రావలెను.