ఆవఘాటు

నానబెట్టిన ఆవాలను రోటిలో నూరునప్పుడు ముక్కు నదరగొట్టి కన్నుల నీరు తెప్పించు ఆ ఘాటు, గింజ చెక్కుచెదరక యున్నంతవరకు అందు లేనే లేదు; నలిగినపుడే, వేర్వేరు అరలలో దాగియున్న మిరోసినేజ్ అను ఎంజైమును, గంధకముగల వేరొక పదార్థమును తడిలో కలిసి దానిని పుట్టించును. ఆవాల కుటుంబమునకే చెందిన బ్రొకోలీ నుండి 1992లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున పాల్ తలాలే బృందము, ఇట్లే పుట్టు సల్ఫొరఫేన్ అను ద్రవ్యమును వేరుచేసి, అది కణములలోని రక్షక ఎంజైములను మేల్కొల్పునని చూపెను. అది స్వయముగా, కణములను చెఱచు ఆమ్లజని ఉగ్రరూపములతో పోరాడుట స్వల్పము. ఎన్ఆర్ఎఫ్2 అను ప్రోటీనును బంధవిముక్తము గావించి, గ్లూటాథయోన్ అను రక్షక ద్రవ్యమును తయారుచేయు ఎంజైములను కణముచేతనే సిద్ధపరపించును. ఎంత చక్కని ఏర్పాటు!

అయినను ఇంతమాత్రమున దీర్ఘవ్యాధులు తొలగునని చెప్పుట తొందరపాటు. ఫిన్లాండులో 29,000కు పైగా పొగత్రాగు పురుషులపై జరిగిన పరిశోధనలో, ఆమ్లజని ఉగ్రరూపములతో పోరాడునని పేరుగల బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గకపోగా, 18 శాతము అధికమైనట్లు 1994లో తేలెను.

ఇక వంటమాట: బ్రొకోలీ అతిగా ఉడికినచో అందలి ఎంజైము నశించును, పిమ్మట ఆవపిండి చల్లినయెడల ఆవాల ఎంజైము ఆ లోటు తీర్చును. అరటికాయ కూర పొయ్యి దించిన పిదపనే మన తల్లులు పచ్చి ఆవముద్ద కలుపుట ఘాటు నిలుపుటకే.