ప్రతిధ్వనిని చదవగలవాళ్లు కావాలి

ఈ రోజు పట్టా అందుకుంటున్న ఎలక్ట్రానిక్స్ విద్యార్థులారా, మీకు మనసారా అభినందనలు.

మనం కూర్చున్న ఈ సోమాజిగూడకు కూతవేటు దూరంలో, బేగంపేట వాతావరణ కేంద్రంలో డాప్లర్ రాడార్ ఉంది. 2000 ఆగస్టు 24న అదే బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు నగరానికి ఆ కన్ను లేదు. ఇవాళ ఉంది. అయినా జోరువాన కొడితే రాజ్‌భవన్ రోడ్డు మీద జనం చిక్కుకుపోతూనే ఉన్నారు. నాలాలు బాగుచేయడం మన చేతిలో లేదు. కానీ ఏ బస్తీ మీద, ఇంకెన్ని నిమిషాల్లో కుండపోత మొదలవుతుందో చెప్పాల్సిన బాధ్యత మన వృత్తిదే.

అది తేలిక కాదు. రాడార్ నేరుగా కొలిచేది చినుకుల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని. దాని బలం చినుకు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. ఒక మిల్లీమీటరు చినుకుతో పోలిస్తే రెండు మిల్లీమీటర్ల చినుకులో నీరు 8 రెట్లే, ప్రతిధ్వని 64 రెట్లు. నాలుగు వడగళ్లు కలిసినా లెక్క తారుమారే. ద్వంద్వ ధ్రువణ రాడార్లు వచ్చింది ఇందుకే. అవి అడ్డంగా కంపించే తరంగాలనూ నిలువుగా కంపించే తరంగాలనూ పంపుతాయి. పెద్ద చినుకు గాలి ఒత్తిడికి చదునవుతుంది, వడగల్లు దొర్లుతూ పడుతుంది. రెండు ప్రతిధ్వనుల తేడా ఆ గుట్టు విప్పుతుంది. ఈ శాస్త్రంలో ఇంతకంటే అందమైన ఆలోచన నాకు కనిపించలేదు.

ఇక వేగం. తిరిగే డిష్ ఆకాశమంతా జల్లెడ పట్టడానికి సుమారు పది నిమిషాలు పడుతుంది. ఆలోపు మేఘం అమీర్‌పేట దాటిపోవచ్చు. ఫేజ్డ్ అరే రాడార్‌లో యాంటెన్నా కదలదు, తరంగాల దశను మారుస్తూ కిరణాన్ని క్షణాల్లో తిప్పుతారు. ఇదే పద్ధతిలో తిరుపతి దగ్గర గాదంకిలో 1990లలోనే 1024 యాగీ యాంటెన్నాలతో, వాతావరణ పొరలను పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ కట్టారు. అప్పట్లో 32 ట్రాన్స్‌మిటర్లు వాటన్నిటికీ శక్తినిచ్చేవి. తర్వాత ఒక్కో యాంటెన్నాకు సొంతంగా ఒక కిలోవాట్ ఘనస్థితి మాడ్యూల్ అమర్చారు. ప్రపంచమంతటా రాడార్లు నడుస్తున్న దారి ఇదే. గాలియం నైట్రైడ్ చిప్‌లు ఆ మాడ్యూళ్లను చిన్నవిగా, బలమైనవిగా చేస్తున్నాయి.

అమీర్‌పేట బోర్డులన్నీ మిమ్మల్ని సాఫ్ట్‌వేర్ కోర్సులకు పిలుస్తాయి. వెళ్లండి, నేర్చుకోండి, నేటి రాడార్‌లో సగం ప్రాణం ప్రోగ్రాములోనే ఉంది. కానీ యాంటెన్నాను, మాక్స్‌వెల్ సమీకరణాలను పరీక్ష హాల్లో వదిలేసి వెళ్లకండి. రెండూ తెలిసినవాళ్లు మనకు చాలా తక్కువ. మీలో కొందరైనా ఈ పనికి రండి. నాలా పక్కన కాపురముండే కుటుంబానికి నీళ్లు రాకముందే కబురు అందేలా చేయండి.